కుక్కలబండి మీద ‘హా’ అనకూడదు

మేముండే ఇర్వింగ్‌కి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇప్పటికీ కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా అదే ప్రశ్న. “ఆంటీ, మంచులో కుక్కలబండి తోలారంట కదా?” ప్రశ్న పూర్తి కాకముందే నవ్వు. ఇక్కడ ఒక ఇండియన్ గ్రోసరీ వెనకాల చిన్న వంటిల్లుంది. పద్దెనిమిదేళ్ళుగా అందులో ఇడ్లీలు, పులిహోర, గుత్తివంకాయ వండి డబ్బాల్లో సర్దేదాన్ని నేనే. ఆ నవ్వేవాళ్ళలో సగంమంది నా చేతి కూర తిని మాస్టర్స్ పాసైనవాళ్ళు, అందుకని ఏమీ అనను. కానీ ‘తోలారంట’ కాదు నాయనా, తోలాను. ఎక్కడ తోలానో, ఎలా తోలానో, మధ్యలో ఎలా బోర్లాపడ్డానో అన్నీ చెప్తాను. మీరు వెళ్ళలేదు కాబట్టి నేను చెప్పిందే వినాలి. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. కామాలు మా అమ్మాయి పెట్టింది. మాటలు మాత్రం ఒక్కటీ మార్చొద్దని చెప్పాను.

ముందు నా డ్రైవింగ్ సంగతి చెప్పాలి. ఇర్వింగ్‌లో కారు నడపడం రాకపోతే కాళ్ళు లేనట్టే. పాలకైనా హైవే ఎక్కాలి. నేను మూడుసార్లు టెస్టుకి వెళ్ళాను, మూడుసార్లూ రెండు కార్ల మధ్య పార్కింగ్ పెట్టే దగ్గరే పోయింది. మూడోసారి కార్లకి బదులు నిలబెట్టే ప్లాస్టిక్ కోన్‌ని గుద్దలేదు, కారు దాని మీదికే ఎక్కించేశాను. ఆ రోజు ఇంటికొస్తూ మా ఆయన అన్నాడు, “ఇంక వదిలెయ్. నేను తీసుకెళ్తాగా. నువ్వు కూర్చుంటే చాలు.” ప్రేమగానే అన్నాడు. నేను కూర్చున్నాను. అలా పద్నాలుగేళ్ళు పక్క సీట్లో కూర్చునే ఉన్నాను.

మా అమ్మాయి మేఘన ఇక్కడే పుట్టింది. ఉద్యోగంలో చేరి మొదటి బోనస్ రాగానే, “అమ్మా, ఈ ట్రిప్ నీ కోసం. ఎక్కడికి వెళ్దాం, నువ్వే చెప్పు” అంది. అంతకు ముందు వారమే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. నా వయసుకంటే పెద్దావిడ, తెల్లటి మంచు మీద కుక్కల వెనకాల నిలబడి ఒక్కతే పోతోంది. స్టీరింగ్ లేదు, పార్కింగ్ లేదు. “కుక్కలబండి” అన్నాను.

మా ఆయన పేపర్ కింద పెట్టాడు. ఆయన్ని చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారు. ఆ కథ మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ వచ్చు.

“ఒక్క కుక్క ఎదురైతేనే నేను రోడ్డు దాటి అవతలికి పోతాను. ఇన్ని కుక్కలా?”

“మీరు రోడ్డు దాటక్కర్లేదు, అక్కడ రోడ్డే ఉండదు” అన్నాను.

మేఘన బుక్ చేసింది. ఆ ఫారంలో ఒక్కొక్కరి పేరు పక్కన డ్రైవరా, రైడరా అని అడిగారట. రైడర్ అంటే బండి ముందు బుట్టలో దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్ళు. తన పేరు పక్కన డ్రైవర్ అని, మా ఇద్దరి పక్కనా రైడర్ అని కొట్టింది. నన్నడగలేదు. ఆ సంగతి విమానం ఎక్కాక తెలిసింది.

“ఇట్స్ సేఫర్, అమ్మా. నువ్వు జస్ట్ ఎంజాయ్ చెయ్యి.”

“నేను కూర్చోను” అన్నాను.

“వెళ్ళాక చూద్దాంలే” అన్నాడు మా ఆయన. ఆయన ‘చూద్దాంలే’ నాకు ఇరవై ఏడేళ్ళ పరిచయం. చూడం అని దాని అర్థం. సరే, ఈసారి నేనూ చూస్తాను అనుకున్నాను.

డులూత్

మిన్నెసోటాలో ఉత్తరంగా పోగా పోగా డులూత్ అనే ఊరొస్తుంది. దాని పక్కన సుపీరియర్ సరస్సు. సరస్సు అంటే నమ్మలేదు, అవతలి ఒడ్డు కనపడదు. బాపట్ల దగ్గర సముద్రం ఎంతుందో అంతుంది, ఉప్పు వాసన ఒక్కటే లేదు. నీళ్ళ మీంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు పొగలు లేస్తున్నాయి. వేడికి కాదు, చలికి. మా వంటింటి ఫ్రీజర్‌ని సున్నా ఫారెన్‌హీట్ మీద పెడతాం. అక్కడ బయట గాలే మైనస్ పదకొండు. కారు దిగి ఒక్కసారి ఊపిరి పీల్చానో లేదో, ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా నిలబడ్డాయి. మా ఆయన మంకీ క్యాప్ మీద ఇంకో టోపీ, దాని మీద కోటు టోపీ పెట్టుకున్నాడు. మూడిట్లోంచీ ముక్కు ఒక్కటే బయటికి.

ఉన్ని బట్టల కొట్లోకి వెళ్ళాం. మేజోళ్ళు జత ఇరవై ఎనిమిది డాలర్లు. ఆ డబ్బుకి మా కొట్లో నెలకి సరిపడా సోనామసూరి వస్తుంది. కొట్టావిడ మెడలో కళ్ళజోడు గొలుసుతో వేలాడుతోంది. ఎక్కడికని అడిగితే మేఘన చెప్పింది.

“తోలేది ఎవరు?”

“నేను. మామ్ రైడ్ చేస్తుంది” అంది మేఘన.

“నో. డ్రైవింగ్” అన్నాను నేను.

ఆవిడ మేఘన వంక చూసింది, నా వంక చూసింది. వెనక్కి వెళ్ళి, మోచేతుల దాకా వచ్చే తోలు తొడుగులు తెచ్చి నా ముందు పెట్టింది. “తోలేవాళ్ళకి ఇవి కావాలి.” ఆ తొడుగులో నాలుగు వేళ్ళూ ఉమ్మడి కాపురం, బొటనవేలు ఒక్కటే వేరు కాపురం. కొనేశాను. ఎంతయిందో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

అక్కడ తిన్నది వైల్డ్ రైస్ సూప్. పేరులో రైస్ ఉందని ఆశపడ్డాను. అది బియ్యం కాదు, నల్లగా సూదుల్లా ఉండే నీటిగడ్డి గింజ. అక్కడి చెరువుల్లో పడవల మీద తిరుగుతూ కర్రలతో కొట్టి రాలుస్తారట. పాలు, వెన్న వేసి చిక్కగా చేశారు. నమిలేకొద్దీ వేయించిన నువ్వుల రుచి తగిలింది. కారం మాత్రం లేదు. మా దేశంలో పథ్యానికి పెట్టేవాళ్ళు కూడా ఇంతకన్నా మిరియం వేస్తారు. నేను తెచ్చుకున్న గోంగూర సీసా తీద్దామంటే రాత్రంతా కార్లో మర్చిపోయాం. చెంచా గుచ్చితే చెంచా వంగింది.

గడ్డకట్టిన చెరువు

మర్నాడు పొద్దున డార్లా అనే ఆవిడ ఇంటికి బయల్దేరాం. కుక్కలు ఆవిడవే. దారిలో ఒక చెరువు మీద కార్లు నిలబెట్టి ఉన్నాయి. ఒడ్డున కాదు, చెరువు మీదే. వాటి పక్కన బడ్డీకొట్లలాంటి చెక్క గదులు.

“దిగుదాం” అన్నాను.

“నేను రాను. మంచు కదా, ఎప్పుడైనా కరుగుతుంది” అన్నాడు మా ఆయన.

“మార్చిలో కరుగుతుందిలే నాన్నా” అంది మేఘన.

ఆయన్ని కార్లోనే వదిలి మేమిద్దరం నడిచాం. అడుగు పడినప్పుడల్లా చెరువు లోపల్నించి గుడగుడమని చప్పుడు. ఒక గదిలో ఎర్ర గడ్డం పెద్దాయన ఉన్నాడు. నేల మీద గుండ్రటి కన్నం, కన్నంలో నల్లటి నీళ్ళు, నీళ్ళలో దారం. పక్కన చిన్న పొయ్యి. అప్పుడే పట్టిన చేపని పిండిలో దొర్లించి వేయిస్తున్నాడు. లోపలికి రమ్మన్నాడు, కాగితం ప్లేటులో చెరో ముక్క పెట్టాడు. మేమెవరం అని అడగలేదు. మా వైపు పెళ్ళిలో కొత్తవాళ్ళు కనపడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగాకే విస్తరి వేస్తారు. ఈయన తిన్నాక అడిగాడు.

చేప మెత్తగా తీయగా ఉంది. నా హ్యాండ్‌బ్యాగ్‌లో కారప్పొడి పొట్లం ఎప్పుడూ ఉంటుంది. కాస్త చల్లుకుని ఆయనకీ ఇచ్చాను. నోట్లో వేసుకుని తుమ్మాడు, కళ్ళు తుడుచుకున్నాడు, పొట్లం కోసం మళ్ళీ చెయ్యి చాపాడు. అది ఆయన దగ్గరే వదిలేశాను.

కుక్కలబండి తోలబోతున్నానంటే గడ్డం గోక్కున్నాడు. “ఒకటి గుర్తుపెట్టుకో. పడిపోతావు. పడినా చేతిలో పట్టుకున్న బండి కర్ర వదలకు. నువ్వు వదిలితే కుక్కలు నీకోసం ఆగవు, ఇంటికి నడిచి రావాల్సింది నువ్వే.”

డార్లా గారి పెరడు

కెనడా ఇంకో గంట దూరం ఉందనగా, అడివి మధ్యలో డార్లా ఇల్లు. కారు ఆగేసరికి నలభై కుక్కలు ఒక్కసారి మొదలెట్టాయి. ఒక్కోదానికి ఒక్కో చెక్క గూడు, లోపల గడ్డి పరుపు. నేను బొచ్చు కుక్కలు, నీలిరంగు కళ్ళు అనుకున్నాను. ఇవి సన్నగా, పొడుగు కాళ్ళతో, ఒకటి మట్టిరంగు, ఒకటి మచ్చలది.

“ఇవి మన వీధికుక్కల్లాగే ఉన్నాయేంటే?” అన్నాడు మా ఆయన కార్లోంచి, అద్దం దించకుండానే.

డార్లాకి అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి, నలభై శీతాకాలాలుగా ఇదే పని. కుడిచేతి చూపుడు వేలి కొస లేదు, చలి కొరికేసిందట. నా పేరడిగితే కోటేశ్వరి అన్నాను.

“కోట్?” అని నా ఒంటి మీద కోటు పట్టుకుని చూసింది.

“కోటేశ్వరి.”

“కోటీ” అని అక్కడితో ఒప్పందం చేసుకుంది. ఆవిడ ఇంగ్లీషు సగం నాకు అర్థమయింది, మిగతా సగం మేఘన చెప్పింది.

ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే జాతి పేర్లు పెడతారు. ఒక ఈతకి నదుల పేర్లు, ఒక ఈతకి చెట్ల పేర్లు. నాకిచ్చిన ఆరు కుక్కలు వంటింటి ఈత. లాడిల్, కెటిల్, స్కిలెట్... గరిటె, కాఫీ గిన్నె, మూకుడు అన్నమాట. ముందు నడిచేది లాడిల్, మట్టిరంగు ఆడకుక్క, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంటుంది. నా జన్మంతా వీటితోనే గడిచింది, కొత్త ఏముంది అనుకున్నాను.

కుక్కలకి జీను తొడగమంది డార్లా. అది పట్టీల చొక్కా. మేఘన తొడిగిన కుక్కకి రెండు కాళ్ళూ ఒక కన్నంలో ఇరుక్కున్నాయి. నేను కుక్కని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ముందు తల దూర్చి, ఒక్కో కాలూ మడిచి బయటికి లాగాను. గింజుకునే పిల్లకి స్వెట్టర్ తొడగడమే కదా, ఆ పిల్ల ఎదురుగానే ఉంది. నేను మూడో కుక్క దగ్గర ఉండగా మేఘన ఇంకా మొదటిదాంతోనే ఉంది.

డార్లా జేబులోంచి మా ఫారం తీసింది. “ఈవిడని రైడర్ అని రాసిందెవరు?”

మేఘన చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలాగా. డార్లా పెన్సిల్‌తో కొట్టేసి ఏదో రాసింది. “ఈ మధ్యాహ్నం చిన్న చుట్టు కొట్టిద్దాం. రేపటి సంగతి తర్వాత చెప్తా.”

పాఠం పావుగంటే. బండి వెనకాల రెండు సన్నటి బద్దలుంటాయి, వాటి మీద ఒక్కో కాలు. మధ్యలో ఇనప గోళ్ళ బ్రేకు. చేతుల్లో అడ్డకర్ర, దాన్ని ప్రాణం పోయినా వదలకూడదు. హైక్ అంటే పదండి, వో అంటే ఆగండి. జీ అంటే కుడికి, హా అంటే ఎడమకి. నాకిదేమీ వింత కాదు. మా నాన్న అరక కట్టేటప్పుడు కుడివైపుది వలపటి ఎద్దు, ఎడమవైపుది దాపటి ఎద్దు అనేవాడు. పశువుకి కుడి ఎడమలు చెప్పే మాటలు వేరే ఉంటాయి. డార్లా అడిగిన ప్రతిదానికీ తప్పు లేకుండా ఒప్పజెప్పాను.

“ఆఖరిది” అంది డార్లా, “మాట తక్కువ. నువ్వు ఊరికే మాట్లాడితే కుక్కలు వినడం మానేస్తాయి.”

“ఇది జరిగే పని కాదు” అన్నాడు మా ఆయన తెలుగులో.

ఎడమవైపు పొదలు

బుట్టలో మా ఆయన్ని కూర్చోబెట్టారు. బరువు లేకపోతే బండి ఎగిరిపడుతుందట. “ఇన్నేళ్ళకి ఈ దేశంలో నా పొట్టతో పనిపడింది” అంటూ ఎక్కాడు. డార్లా తన బండితో ముందు, నేను మధ్యలో, వెనకాల మేఘన.

హైక్ అన్నాను. అప్పటిదాకా ఆకాశం బద్దలయ్యేలా అరిచిన కుక్కలు ఒక్కసారి గప్‌చిప్. ఇంక వినపడేది బద్దల కింద మంచు గరగర, ఆరు గొంతుల ఊపిరి, అంతే. చెట్లు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. నేను నిలబడి ఉన్నాను. నా కంటే ముందు కూర్చున్నది మా ఆయన. ఆ సుఖం ఎలా ఉందో చెప్పమంటే నా దగ్గర మాట లేదు.

ఆ సుఖం ఆయనకి లేదు. పరిగెడుతూనే కాలకృత్యాలు తీర్చుకోవడం ఈ కుక్కల అలవాటు, ఆ గాలంతా నేరుగా బుట్టలోకి. మంకీ క్యాప్ కళ్ళ దాకా లాక్కున్నాడు.

డార్లా వెనక్కి తిరిగి, “బాగానే ఉన్నావా?” అని అరిచింది.

“హా!” అన్నాను.

బండి ఎడమకి ఒక్క ఊపు ఊగింది. గతుకేమో అనుకున్నాను.

“వంపు వస్తోంది, బ్రేకు మీద కాలు పెట్టు!”

“హా, హా!” అన్నాను.

ఆరు కుక్కలూ ఒక్క మనసుతో ఎడమకి తిరిగి దారి వదిలి పొదల్లోకి దూకాయి. బండి ఒరిగింది. మా ఆయన దుప్పట్లతో సహా చాపచుట్టలా దొర్లిపోయాడు. నేను బోర్లా పడ్డాను. కర్ర వదల్లేదు. రెండు బస్సుల పొడుగునా పొట్ట మీద ఈడ్చుకుపోయాయి. మెడలోంచి, చేతుల్లోంచి, నోట్లోంచి మంచే. ఒక చెట్టుకి బండి తట్టుకుంటే ఆగాయి. లాడిల్ వెనక్కి తిరిగి, చెప్పినట్టే చేశాం కదా అన్నట్టు చూసింది.

డార్లా పరిగెత్తుకొచ్చి ముందు కుక్కల కాళ్ళు తడిమి చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. “వదల్లేదు నువ్వు” అంది. “కానీ హా అని ఎందుకు చెప్పావు?”

“ఐ నో టెల్ హా. ఐ టెల్ ఎస్!”

మేఘన మంచులో కూలబడి నవ్వడం మొదలెట్టింది. “డార్లా, తెలుగులో హా అంటే ఎస్! మామ్ ఎస్ అన్నప్పుడల్లా లెఫ్ట్ టర్న్!”

నడుం పట్టుకుని లేస్తున్న మా ఆయన గట్టిగా అన్నాడు, “ఇరవై ఏడేళ్ళలో నా మాటకి ఒక్కసారి హా అన్న పాపాన పోలేదు. ఇవాళ కుక్కలకి అంది!”

డార్లా కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. “రేపు పన్నెండు మైళ్ళు. ఈ అడివిలో ఉన్న సరస్సు దాటాలి. మధ్యలో ఎడమవైపు వాగు వచ్చి కలిసే చోటుంది, అక్కడ మంచు పలచన. అక్కడ నువ్వు ఎస్ అన్నావంటే కుక్కలు నేరుగా దాని మీదికే పోతాయి. పొద్దున్నకల్లా ఆ మాట నీ నోట్లోంచి పోవాలి. పోకపోతే బుట్టలో కూర్చుంటావు.”

భోజనాల బల్ల దగ్గర

సాయంత్రం డార్లా వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. జింక మాంసం కూర, బంగాళాదుంపలు. గోంగూర సీసా పొయ్యి పక్కన పెడితే కరిగింది.

“అమ్మా, ఉప్పు కావాలా?” అంది మేఘన.

“హా.”

“పోయావ్.”

ఇంకో ఐదు నిమిషాలకి మా ఆయన, “ఇవాళ పడ్డావే, మోకాలు నొప్పిగా ఉందా?” అన్నాడు, అంత ప్రేమగా.

“హా, కొంచెం...”

“మళ్ళీ పోయావ్! చూడు, అది నీ రక్తంలో ఉంది. రేపు హాయిగా బుట్టలో కూర్చో. నేను ఇక్కడే ఉండిపోతాను. నడుం విరగ్గొట్టావుగా.”

“అవును అమ్మా, జస్ట్ రైడ్ చెయ్యి. నో షేమ్” అంది మేఘన.

నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు, ఆ మాట మీద. ఎన్ని హాలు అన్నానో ఈ దేశంలో! మేఘన చిన్నప్పుడు వాళ్ళ టీచరమ్మ ఏదో పొడుగ్గా చెప్తే హా హా అన్నాను. తీరా చూస్తే క్లాసుకి అరవై కప్‌కేకులు తెస్తానని ఒప్పుకున్నానట. పళ్ళ డాక్టరు ఏదో అడిగితే హా అన్నాను, ఇంటికొచ్చేటప్పటికి నోట్లో ఒక పన్ను తక్కువ. కౌంటర్ దగ్గర ఎవరేం గొణిగినా హా. అర్థమైనా హా, కాకపోయినా హా. అర్థం కాలేదంటే ఇంకోసారి చెప్తారు, ఆ ఇంకోసారి చెప్పేటప్పుడు వాళ్ళ మొహం మారుతుంది. ఆ మొహం చూడలేక హా. పక్క సీట్లో కూర్చోమన్నా హా అనే ఉంటాను.

“అడగండి” అన్నాను. “నిద్రొచ్చేదాకా ఇద్దరూ అడగండి.”

అడిగారు. ఎస్ అందామంటే దాని వెనకే హా తోక ఊపుకుంటూ వచ్చేస్తోంది. అందుకని అసలు ఒప్పుకునే మాటే మానేశాను. కావాలా అంటే కావాలి. చలేస్తోందా అంటే వేస్తోంది. అడిగిన ప్రతిదానికీ ఆలోచించి, అర్థం చేసుకుని, పూర్తి మాట చెప్పాలి. డార్లా గిన్నెలు తుడుస్తూ వింటోంది, భాష తెలియకపోయినా. నా నోట హా వచ్చినప్పుడల్లా గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టింది. మొదట్లో గంట మోగినట్టే మోగింది. పడుకోబోయే ముందు ఒక పావుగంట చప్పుడు లేదు.

పొద్దున

కాఫీ కప్పు నా ముందు పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది డార్లా.

“కాఫీ?”

“ఐ డ్రింక్.”

“బాగా నిద్రపోయావా?”

“ఐ స్లీప్.”

“చలిగా ఉందా?”

“వెరీ.”

“మోకాలు నొప్పి అంది నీ కూతురు. బుట్టలో కూర్చుంటే మంచిది కదా?”

ఆ ప్రశ్న అంత మెత్తగా అడిగింది, పళ్ళ డాక్టరు కూడా అంత మెత్తగా అడగలేదు. గొంతులో హా బయల్దేరి పళ్ళ దాకా వచ్చింది. మింగేశాను.

“నో. ఐ స్టాండ్.”

కప్పు నా ముందు పెట్టింది.

ఉండిపోతానన్న మా ఆయన ఏమనుకున్నాడో గానీ టోపీలు మూడూ పెట్టుకుని వచ్చి నా బుట్టలో కూర్చున్నాడు. “నువ్వు పడితే లేపేదెవరు మరి” అన్నాడు. నిన్న నన్ను లేపింది ఆయన కాదు, కానీ గుర్తుచెయ్యలేదు.

సరస్సు మీద

చెట్లు అయిపోయాక సరస్సు ఒక్కసారి తెరుచుకుంది. అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ గిరిగీసినట్టు నల్లటి చెట్ల వరస, పైన నీలం. మంచు లోపల్నించి అప్పుడప్పుడు పెద్ద మూలుగు. మా ఆయన బుట్ట అంచులు పట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. డార్లా చేత్తో ఎడమవైపు చూపించింది. అక్కడ మంచు బూడిదరంగులో, తడి గుడ్డ పరిచినట్టు ఉంది. అదే వాగు కలిసే చోటు. మా దారి దానికి కుడిగా పోతుంది.

డార్లా ముందుకు సాగిపోయింది. నేను నోరు మూసుకుని, కాలు బ్రేకు దగ్గర పెట్టుకుని, లాడిల్ నిలబడిన చెవి మీదే చూపు పెట్టాను.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి వెనకాల్నించి మేఘన కేకేసింది. “నాన్నా! యూ ఓకే?”

మా ఆయన కళ్ళు మూసుకునే, గొంతు చించుకుని అరిచాడు. “హా! హా!”

లాడిల్ చెవి తిరిగింది. దాని మెడ ఎడమకి వంగింది, పక్కన కెటిల్ వంగింది, తాడు బిగిసింది. బండి ముక్కు ఆ బూడిదరంగు వైపు తిరగడం చూశాను.

రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాను. అరవలేదు. మాట తక్కువ అంది కదా. “లాడిల్. జీ” అన్నాను.

అది ఆగి వెనక్కి చూసింది. ఒక బండి మీంచి రెండు గొంతులు, రెండు దారులు. ఎవరి మాట వినాలో అదే తేల్చుకోవాలి. నేను కదల్లేదు.

“జీ” అన్నాను మళ్ళీ.

కుడికి తిరిగింది. తక్కిన ఐదూ దాని వెంటే. బండి కుడికి సర్దుకుని మళ్ళీ దారిలో పడింది. బూడిదరంగు మంచు మా ఎడమ పక్కగా వెనక్కి పోయింది, మనిషి పొడుగు రెండింతల దూరంలో.

అప్పటికి కళ్ళు తెరిచాడు మా ఆయన. ఆ మంచు వంక చూశాడు, వెనక్కి తిరిగి నా వంక చూశాడు.

“నేనా అన్నది?”

“మీరే. ఇంకొక్క మాట మాట్లాడారంటే దింపేస్తాను.”

“సరస్సు మీదా?”

“సరస్సు మీదే.”

ముందు డార్లా బండి ఆపి నిలబడి ఉంది. జరిగిందంతా చూసింది, పరిగెత్తుకు రాలేదు. మేము దగ్గరికి వచ్చాక తన కుక్కలకి హైక్ చెప్పి ముందుకు సాగిపోయింది, అంతే. మిగిలిన ఏడు మైళ్ళూ మా ఆయన నోరు విప్పలేదు. ముక్కు కారుతుంటే సైగ చేసి రుమాలు అడిగాడు.

మళ్ళీ పెరట్లో

తిరిగొచ్చేసరికి ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. డార్లా సూప్ గిన్నె లోపల పొయ్యి మీద పెట్టే వెళ్ళింది, వాసన గుమ్మం దాకా వస్తోంది. మా ఆయన లోపలికి పరిగెత్తాడు. మేఘన ఇంకా తన కుక్కల తాళ్ళు విప్పుతోంది. నేనూ ఆయన వెనక నాలుగడుగులు వేశాను. డార్లా నా భుజం పట్టుకుని బకెట్ చేతికిచ్చింది.

“కూర్చున్నవాళ్ళు తినొచ్చు. తోలినవాళ్ళు కుక్కల తర్వాతే.”

వేడినీళ్ళలో మాంసం తునకలు కలిపి ఒక్కోదానికీ పోశాను. కాళ్ళకి తొడిగిన చిన్న గుడ్డ సంచులు విప్పి, వేళ్ళ మధ్య ఇరుక్కున్న మంచు గుళ్ళు ఒక్కొక్కటీ నా బొటనవేలితో తీశాను. ఆరు కుక్కలు, ఇరవై నాలుగు పాదాలు. లాడిల్ తన కాలు తనే నా ఒళ్ళో పెట్టింది. నా వేళ్ళకి స్పర్శ లేదు, మోకాలు వాచింది, ఆకలి ఆకలిగానే ఉంది. ఒక్కదాన్నీ తొందరపెట్టలేదు.

తలుపు తెరుచుకుంది. మా ఆయన, చేతిలో ఖాళీ గిన్నె.

“ఏమే, సూప్ చల్లారిపోతోంది. వచ్చి కాస్త వడ్డించవా?”

“మీరు పెట్టుకుని తినండి” అన్నాను. “నాకింకా రెండు కుక్కలున్నాయి.”